పదివరసల కంచె

ఒక పెద్ద అడవిలో చెట్లు తక్కువ, కమిటీలు ఎక్కువ. రెండేళ్లుగా సరైన వాన లేదు. గడ్డి ఎప్పుడో మాడిపోయింది. వాగు పక్కన రేగుపొదలు మాత్రం మొండిగా పచ్చగా నిలబడ్డాయి.

ఎర్రమ్మ అనే దుప్పికి ఆ ఆకే ఆధారం. కూన పుట్టి పదిరోజులు. తను నాలుగు రెమ్మలు కొరికితేనే దానికి నాలుగు చుక్కల పాలు.

ఆ ఉదయం పొదల దగ్గరికి పోతే, కమిటీ కార్యదర్శి నక్క అడ్డం నిలబడింది.

"ఎక్కడికమ్మా? ఇవాళ్టి నుంచి పొదల రక్షణ. ఇలా మేసేస్తే ఎండాకాలానికి ఏం మిగులుతుంది? కంచె వేస్తున్నాం."

"దేనితో?" అంది ఎర్రమ్మ.

"ముళ్లకంపతో."

"కంప ఎక్కడిది?"

నక్క వెనకాల ముళ్లపందులు అప్పటికే మొదటి రేగుపొదను మొదలంటా కొరికేస్తున్నాయి.

"రెండోది బతకాలంటే మొదటిది త్యాగం చెయ్యొద్దూ!" అంది నక్క.

కంచె పలచగా ఉందని మూడోదీ, వంకరగా ఉందని నాలుగోదీ కొట్టారు. వారం తిరిగేసరికి ఒకే ఒక్క పొద మిగిలింది, చుట్టూ పదివరసల కంచెతో.

ఆ వారంలో ఎర్రమ్మ పొదుగు వాడిపోయింది. కూన లాగి లాగి, చివరికి ఏడవడం మానేసింది. అదే ఎర్రమ్మను వణికించింది.

ప్రారంభోత్సవానికి కమిటీ అధ్యక్షుడు ఎలుగుబంటి వచ్చి కంచెను తెగ మెచ్చుకుంది. తర్వాత పెదాలు నాక్కుంటూ, "మరి రేగుపళ్లేవయ్యా?" అంది.

"లోపలున్నాయి ప్రభూ," అంది నక్క.

"పట్రా!"

"రక్షణ మరీ పకడ్బందీగా కుదిరిందండీ. నావల్ల కూడా కాదు."

ఎలుగు పళ్లు నూరి తనే దూరింది. ఐదో వరసలో ఇరుక్కుంది. ముక్కునిండా ముళ్లు. అరిచిన అరుపుకి సభ లేచి నిలబడింది.

ఎర్రమ్మ ఎవరినీ చూడలేదు. తిన్నగా వచ్చి కంచెను కొరికింది.

"ఏయ్! అది కంచె! మేస్తే నేరం!" నక్క గంతులేసింది.

"మొన్నటిదాకా మేతే," అంది ఎర్రమ్మ, నములుతూనే.

"నోర్ముయ్ నక్కా!" లోపల్నుంచి ఎలుగు మొత్తుకుంది. "మెయ్యి తల్లీ, మెయ్యి! నేను బయటపడాలి!"

అధ్యక్షుడి ఆజ్ఞ. కుందేళ్లూ, కణుజు జింకలూ వచ్చి కంచె మీద పడ్డాయి. సాయంత్రానికి ఎలుగు బయటికొచ్చింది, కంచెకు పుల్లలు మిగిలాయి.

మూడోనాటికి కూన మూతికి పాలనురగ అంటింది.

నీతి: కంచె చేను మేస్తే తప్పే, చేనునే నరికి కంచె కడితే మాత్రం, ఆ కంచెను మేసినవాళ్లదే ధర్మం.