నిలువుకాళ్ళ పెళ్ళిచూపులు

ఇలా దగ్గరకు జరగండమ్మా, గట్టిగా చెప్పే సంగతి కాదు.

భీమవరం దగ్గర రొయ్యల చెరువుల సూర్యరాజుగారికి మూడు నెలలుగా కూర్చునే చోట పగులు. దీన్ని ఫిషర్ అంటారని డాక్టరు చెప్పాడు. కోత ఇప్పుడే వద్దు, రెండు పూటలా గోరువెచ్చని నీళ్ళ టబ్బులో పది నిమిషాలు కూర్చోండి, పూతమందు రాయండి, పీచున్న తిండి తినండి, నీళ్ళు బాగా తాగండి, ఎనిమిది వారాలు చూద్దాం అన్నాడు. ఈ మాట భార్య వరలక్ష్మమ్మకూ, నీళ్ళు కాచే రత్తమ్మకూ తప్ప మూడో మనిషికి తెలిస్తే తన పరువు పోయినట్టేనని రాజుగారి బెంగ.

ఆ శుక్రవారం కూతురు సుప్రజకు పెళ్ళిచూపులు. పదకొండింటికి వచ్చేవాళ్ళు కదా, పదింటికే టబ్బు పని ముగించాలనుకున్నారు. తీరా పంచె ఎగ్గట్టేసరికి, పొద్దున్నే రాహుకాలం గుర్తొచ్చి ముందే బయల్దేరిన మగపెళ్ళివారు తొమ్మిదిన్నరకే దిగిపోయారు.

"కూర్చోండి బావగారూ!" అన్నారు సూర్యరాజుగారు, తాను మాత్రం స్తంభం పట్టుకుని.

"పెద్దవారు మీరు నిలబడితే మేం కూర్చుంటామాండీ?" అన్నారు పిల్లాడి తండ్రి రామకృష్ణరాజుగారు.

ఆయనే కూర్చోకపోతే వెంట వచ్చిన తొమ్మండుగురు కూర్చుంటారా? కుర్చీలన్నీ ఖాళీ. పూతరేకులు నిలబడే తిన్నారు, పంచదార పొడి పట్టుచీరల నిండా రాలింది. వీధిలోంచి చూసిన పక్కింటి బుల్లబ్బాయిగారు గొడవేమోనని సర్దిచెప్పడానికి వచ్చి, తానూ నిలబడ్డారు. కాఫీ తెచ్చిన సుప్రజ, "నన్ను చూడకుండానే వెళ్ళిపోతున్నారేంటి నాన్నా?" అని ట్రే బల్ల మీద పెట్టి లోపలికి పోయింది.

"సంబంధం పోయేలా ఉంది, ఒక్క నిమిషం కూర్చోండి!" అంది వరలక్ష్మమ్మ మొగుడి చెవిలో. రాజుగారు కళ్ళు మూసుకుని కుర్చీ అంచుకు ఆనారో లేదో, "అమ్మో!" అని ఎగిరి లేచారు.

అప్పుడే పెరటి గుమ్మంలోంచి రత్తమ్మ కేకేసింది. "అయ్యగారూ, టబ్బులో నీళ్ళు చల్లారిపోతన్నాయండి! డాక్టరుగారు ఒక్క పూటా మానొద్దన్నారు కదండీ!"

రాజుగారి మొహం ఉడికిన రొయ్యలా ఎర్రబడింది. రామకృష్ణరాజుగారు ఆయన చెయ్యి పట్టుకుని పెరట్లోకి లాక్కెళ్ళారు.

"ఫిషరాండీ? నీళ్ళలో కూర్చుంటే తగ్గుతోందా?"

"సగం తగ్గిందండీ..."

"మా డాక్టరూ ఇదే చెప్పాడు, సిగ్గుపడి మొదలెట్టలేదు. మీరెక్కడ కుర్చీలో కూలేస్తారోనని దారంతా దడేనండీ. నిలబెట్టి పుణ్యం కట్టుకున్నారు!"

సంబంధం అక్కడే ఖాయమైంది. తాంబూలాలు మాత్రం రెండు నెలలు ఆగి పెట్టుకున్నారు, తండ్రులిద్దరూ పీటల మీద కూర్చోవాలిగా.

ఇది గుర్తుంచుకుని, సిగ్గుపడి దాచుకునే మీవాళ్ళకు చెప్పండి. కూర్చోబెట్టి మాత్రం చెప్పకండి.