పసుపు జెండా, పసుపు క్రిస్టల్

ఆ ఆదివారం పొద్దున్న కొండబాబు వేసుకున్న పథకం చాలా చిన్నది. చద్దన్నం తినడం, పెరట్లో నీళ్ల తొట్టెలో తన బొమ్మపడవను ఒకసారి నడిపి చూడడం, పదింటికి వంశధార పాయలో జరిగే పందెంలో బావమరిది గోవింద్‌ను ఓడించడం, మధ్యాహ్నానికి ఇంటికొచ్చి వంజరం పులుసుతో భోంచెయ్యడం. వీటిలో చద్దన్నం, పులుసు తప్ప ఏదీ అనుకున్నట్టు జరగలేదు.

పందెం వెనక ఒక జెండా ఉంది. కళింగపట్నంలో వేటకెళ్లే ప్రతి ఇంటి వలకీ ఒక రంగు జెండా ఉంటుంది. నడిసముద్రంలో తేలే ఆ గుడ్డముక్కను చూసే, ఇది ఫలానా వాళ్ల వల అని మిగతా పడవలు తప్పుకుని పోతాయి. పసుపు జెండా గోవింద్ తాతగారిది. ఆయన తన కూతురు లక్ష్మణమ్మను అత్తారింటికి పంపినప్పుడు, ముద్దుకొద్దీ ఒక పడవ కూడా ఇచ్చాడు. దాని మీద పసుపు జెండా ఉంది. జెండా పడవతో పాటే మాకొచ్చిందని లక్ష్మణమ్మ కొడుకు కొండబాబు అంటాడు. పడవ ఇచ్చాం గానీ రంగు ఇవ్వలేదని ఆమె మేనల్లుడు గోవింద్ అంటాడు. ఈ మధ్య ఒకరి వలను ఇంకొకరు తమదనుకుని రెండుసార్లు లాగేసుకోవడంతో తగువు ముదిరింది.

బీచ్ ఉత్సవంలో రిమోట్ పడవల పందెం పెడుతున్నారని తెలిసినప్పుడు ఇద్దరూ నలుగురి ముందు మాటనుకున్నారు. గెలిచినవాడిది పసుపు, ఓడినవాడు రంగు మార్చుకోవాలి. ఆ ఊళ్లో రంగు మార్చుకోవడమంటే ఇంటిపేరు మార్చుకున్నంత పని. పందెం పోస్టరు మీద చిన్నపిల్లల బొమ్మలున్నాయి గానీ, నలభై దాటినవాళ్లు రాకూడదని ఎక్కడా రాసిలేదు.

పడవ చెయ్యడంలో కొండబాబును తప్పుపట్టడానికి లేదు. మూలపడిన పాత తెప్ప చెక్కను తనే చెక్కి, నునుపుదేల్చి, పసుపు రంగు వేశాడు. రిమోట్ కోసం భార్య కుసుమకుమారిని వెంటబెట్టుకుని విజయనగరం వెళ్లాడు. కొట్టు యజమాని జయకృష్ణ పెట్టెలోంచి చింతపిక్కంత ముక్కలు కొన్ని తీసి బల్ల మీద పెట్టాడు.

"కొత్త రకాలైతే వాటంతటవే సర్దుకుంటాయండి. ఇది పాత సరుకు. రిమోట్‌లో ఒకటి, పడవలో ఒకటి ఈ క్రిస్టల్ పెట్టాలి. ఒక్కో రంగుది ఒక్కో ఫ్రీక్వెన్సీ. దగ్గర్లో ఇంకెవరైనా ఇదే రంగు పెడితే మాత్రం రెండూ కలిసిపోతాయి. మీ ఊళ్లో ఎవరెవరు ఏ రంగు పెట్టారో కనుక్కుని తీసుకోండి."

"కనుక్కోడానికేటున్నాది. పసుపియ్యండి," అన్నాడు కొండబాబు ఛాతీ విరుచుకుని. "మా ఊర్లో పసుపు ముట్టుకునీ మగోడు ఇంకోడు లేడు."

అంతకుముందు వారం అదే బల్ల ముందు నిలబడి గోవింద్ కూడా ఇదే మాట, ఇంత ధీమాగానూ అన్నాడు. వీళ్లిద్దరిదీ ఒకే ఊరని పాపం జయకృష్ణకు తెలియదు.

పందెం రోజు పొద్దున్న కొండబాబు తొట్టెలో పడవ వదిలి మీట నొక్కాడు. పడవ చక్కగా ముందుకెళ్లింది. సరిగ్గా అదే సమయానికి వెనకవీధిలో గోవింద్ తన పడవను వంటింటి గట్టు మీద పెట్టి, దాని స్విచ్ వేసి, రిమోట్ కోసం గదిలోకెళ్లాడు. గట్టు మీద పడవ దానంతటదే బయల్దేరి ఇడ్లీపిండి గిన్నెలో దిగింది. పడవ వెనకున్న పంకా తిరిగి పిండంతా గోవింద్ భార్య అనిత మొహాన పడింది.

"ఏటిది, నీ సేతిలో రిమోటే లేదు గదా, ఎలాగెల్లిపోనాది?" అంది అనిత కళ్లు తుడుచుకుంటూ.

"గెలవాలని దానికే తొందరగున్నాది," అన్నాడు గోవింద్ మురిసిపోతూ. పిండి కడిగి, రిమోట్ తీసుకుని కాసేపు సాధన చేశాడు.

ఆ కాసేపూ ఇక్కడ కొండబాబు రిమోట్ కట్టేసి అరుగు మీద పెట్టి ఉన్నా, తొట్టెలో పడవ మాత్రం కుడికీ ఎడమకీ తిరుగుతూనే ఉంది. కుసుమకుమారికి అనుమానం వచ్చింది.

"మీటలు నొక్కకుండా తిరగతన్నాదేటి?"

"సొంత సేత్తో సెక్కినాను గదే. నా మనసులో మాట దానికి తెలిసిపోతన్నాది," అన్నాడు కొండబాబు. ఇంత గొప్పవాడికి ఇంకేం చెప్తామనుకుంటూ ఆవిడ వంటింట్లోకి వెళ్లిపోయింది.

పదింటికి పాయ గట్టు నిండిపోయింది. పందెం నడిపేది హైస్కూలు డ్రిల్లు మాస్టారు త్రినాథ్. పాయ మధ్యలో పాతిన కర్రను చుట్టి గట్టుకు ముందు చేరినవాళ్లు గెలిచినట్టని మైకులో చెప్పి, ఈల ఊదాడు. కొండబాబు, గోవింద్ ఒకేసారి రిమోట్లు వేశారు.

రెండు పసుపు పడవలూ కాస్త దూరం బుద్ధిగా వెళ్లి గింగిరాలు తిరగడం మొదలుపెట్టాయి. కొండబాబు ఎడమకు తిప్పితే రెండూ సగం ఎడమకు వంగి, గోవింద్ కుడికి తిప్పగానే సగంలో ఆగి, వెనక్కి నడిచి ఒకదాన్నొకటి గుద్దుకున్నాయి. పోటీకొచ్చిన పిల్లలు తెలివైనవాళ్లు. తమ పడవల్ని నీళ్లలోంచి తీసి చంకలో పెట్టుకున్నారు.

"నా పడవని నువ్వేటి సేస్తన్నావురా?" అని కొండబాబు అరిచాడు.

"నువ్వే నాదాన్ని లాగతన్నావు బావా," అని గోవింద్ అంతకన్నా గట్టిగా అరిచాడు.

పక్కనే పోతురాజనే జాలరి కట్టుకున్న వల ఉంది. పడవలు వెళ్లి దాని తాడుకు చుట్టుకుని, చెరోవైపు గుంజి, ముడి ఊడదీశాయి. పొద్దుటి నుంచి పడ్డ కొయ్యంగ చేపలన్నీ ఎగిరి బయటపడ్డాయి. పోతురాజు పంచె పైకి కట్టి నీళ్లలో దూకాడు. అతన్ని వెనక్కి రమ్మనబోయి త్రినాథ్ మైకు వైరు కాలికి తగిలించుకుని మైకుతో సహా నీళ్లలో కూర్చున్నాడు. తాడు వదిలించుకున్న పడవలు తిన్నగా, నది సముద్రంలో కలిసే మొగ వైపు కొట్టుకుపోసాగాయి. పాటు వేళ కావడంతో నీళ్లు సముద్రంలోకి జోరుగా లాగుతున్నాయి.

కుసుమకుమారి పరుగున వచ్చి తమ్ముడు గోవింద్ చేతిలో రిమోట్ తిరగేసి చూసింది. వెనక పసుపు చీటీ అంటించి ఉంది.

"ఓరి మీ పసుపు తగలెయ్య. ఇద్దరికిద్దరూ ఒకే రంగెట్టినారు. కొట్టాయన సిలక్కి సెప్పినట్టు సెప్పినాడు గదా, కలిసిపోతాయని. ఎవులో ఒకలు బేగి ఆపండి."

అప్పటిదాకా అరిచిన ఇద్దరూ ఒకరి రిమోట్ వంక ఒకరు చూసుకున్నారు. రిమోట్ ఆపినవాడు పందెంలోంచి తప్పుకున్నట్టే. తప్పుకున్నవాడికి జెండా పోయినట్టే.

"నువ్వాపు బావా," అన్నాడు గోవింద్.

"పెద్దోడ్ని, నేనెలాగాపుతాను? నువ్వాపు."

పడవలు చిన్నవైపోతున్నాయి. నెలరోజులు చెక్కిన చెక్క సముద్రంలో కలిసిపోబోతుంటే కొండబాబుకు గుండె తరుక్కుపోయింది. వేలు మాత్రం స్విచ్ మీదికి పోలేదు. గోవింద్ కళ్లలో నీళ్లు తిరిగాయి, అయినా అతని వేలూ కదల్లేదు. అప్పుడు జనంలోంచి లక్ష్మణమ్మ వచ్చి, కొడుకు చేతిలోంచి రిమోట్ లాక్కుని టక్కున ఆపేసింది.

"అమ్మా, నాదే ఆపీసినావేటి?"

"నా కొడుకుది నేనాపుతాను, అడిగీవోడు లేడు. మేనల్లుడిది ఆపితే రేపు పుట్టింటోల్లు మాటంతారు. గోవిందూ, తిప్పరా."

గోవింద్ తిప్పాడు. రెండు పడవలూ ఒకేసారి ముక్కు తిప్పాయి. ఉన్నమాట చెప్పుకోవాలి, గోవింద్ చెయ్యి గొప్ప చెయ్యి. పాటుకు ఎదురుగా, పక్కపక్కనే, రెండూ మూతిముడుచుకోకుండా కర్రను చుట్టి గట్టు వైపు వస్తుంటే, జనం చప్పట్లు కొట్టడం కూడా మరిచిపోయి చూశారు. అంత అందమైన జంటను ఆ పాయలో ఎవరూ చూసి ఉండరు. మూరెడు ముందుగా గట్టును తాకింది కొండబాబు పడవ.

"నా పడవ గెలిసినాది," అన్నాడు కొండబాబు.

"నడిపినోడ్ని నేను," అన్నాడు గోవింద్.

త్రినాథ్ తడిబట్టలతో తల గోక్కున్నాడు. లక్ష్మణమ్మ ఇద్దరి మధ్యకూ వచ్చింది.

"ఆ సెక్క సెక్కింది నా కొడుకు. ఆ పాటుకి ఎదురు నడిపింది మా అన్న కొడుకు. మా అయ్య సూస్తే పొంగిపోవును. పసుపు ఆయనది, ఆయన కూతుర్ని నేనింకా బతికే ఉన్నాను. ఇద్దరికీ నేనే ఇస్తన్నాను. కొండబాబూ, నీదానికి ఎర్ర అంచు, వాడిదానికి నల్ల అంచు కుట్టుకోండి. ఇంటికి రండి, పులుసు సల్లారిపోతాది."

ఆవిడ ముందు నడుస్తుంటే, వెనక చెరో పడవా గుండెకు హత్తుకుని మగాళ్లిద్దరూ నడిచారు. వాళ్ల మొహాల్లో వెలుగు చూసినవాళ్లు ఇద్దరూ గెలిచారనే అనుకున్నారు. ఒక్క రిమోట్‌తో రెండు పడవలు నడిపే విద్యను వచ్చే ఏడు ప్రత్యేకంగా చూపించమని త్రినాథ్ అప్పటికప్పుడే అడిగాడు. మూడు నెలలు కష్టపడి నేర్చామని కొండబాబు చెప్పాడు. గోవింద్ కాదనలేదు.

మర్నాడు ఇద్దరూ కలిసి విజయనగరం వెళ్లారు. ఒకరు నీలం తీసుకోండని జయకృష్ణ ఎంత బతిమాలినా వినకుండా, ఇంక అక్కర్లేదంటూ ఒక రిమోట్ తిరిగిచ్చేసి వచ్చారు. మిగిలిన ఆ ఒక్క రిమోట్ ఎవరింట్లో ఉండాలన్నది మాత్రం ఇంకా తేలలేదు.