మా బాత్రూంలో కురిసే ఈశాన్యం

మీ బాత్రూం కప్పు కారడం లేదా? అయ్యో పాపం! మీ బతుకు మీద నాకు నిజంగా జాలేస్తోంది.

పొడి కప్పు కింద స్నానం చేసే మనిషికి జీవితంలో ఏం మిగిలింది చెప్పండి? తలుపు వేసుకుంటాడు, నాలుగు చెంబులు పోసుకుంటాడు, తుడుచుకుని బయటికొస్తాడు. ఉత్కంఠ లేదు, సాహసం లేదు, భక్తి అసలే లేదు. నేనైతే స్నానానికి వెళ్లేముందు ఇలవేల్పుకు ఒక దండం పెడతాను, క్షేమంగా బయటపడ్డాక ఇంకో దండం పెడతాను. కారే కప్పు మనిషిని ఇంత ఆస్తికుణ్ణి చేస్తుందని మీకు ఏ స్వామీజీ అయినా చెప్పాడా?

నేను మెదక్‌లో బడిపంతుల్ని. రెండంతస్తుల ఇంట్లో కింది పోర్షన్ మేం కొనుక్కున్నాం, పై పోర్షన్ నర్సింహన్న కొనుక్కున్నాడు. ఆయనకు కుల్చారంలో పొలాలున్నాయి, టౌన్‌లో ప్లాట్ల వ్యాపారం ఉంది, త్వరలో రాజకీయం కూడా ఉండబోతోంది. మంచి మనిషి. ఎదురుపడితే ముందు తనే నమస్తే పెడతాడు. ఆయన బాత్రూం కింద సరిగ్గా మా బాత్రూం. ఆయన పోసుకున్న నీళ్లు ముందు ఆయన మీద పడి, తర్వాత నా మీద పడతాయి. ఇరుగుపొరుగు అనుబంధం ఇంతకన్నా దగ్గరగా ఎక్కడైనా ఉంటుందా?

ఈ భాగ్యం మాకు పుట్టుకతో వచ్చింది కాదు. ఒక వాస్తు సారు దయ వల్ల వచ్చింది.

ఆయన హైదరాబాద్ నుంచి కారులో వచ్చాడు. పై పోర్షన్ అంతా కలియదిరిగి, బాత్రూంలో ఆగి, కళ్లు మూసుకున్నాడట. "నీళ్లు నైరుతికి పోతున్నయ్! నీళ్లు ఎటు పోతే లక్ష్మి అటే పోతది. ఈశాన్యానికి మళ్లించుండ్రి!" అన్నాడట. నర్సింహన్నకు గుండె ఆగినంత పనైంది. వెంటనే టైల్స్ పీకించి, వాటం మార్పించి, నేలను ఈశాన్యానికి వాలేలా చేయించాడు.

అంతా శాస్త్రప్రకారం జరిగింది. ఒక్కటే మిగిలిపోయింది. నీళ్లు బయటికి పోయే జాలీ నైరుతిలోనే ఉండిపోయింది! గోడకున్న పైపు అటువైపే ఉంది మరి.

నీళ్లు బుద్ధిగా ఈశాన్యానికి పోయాయి. పోయాక ఏం చేయాలో వాటికి ఎవరూ చెప్పలేదు. పాపం, అవి ఆ మూలన నిలబడి కొన్నాళ్లు ఆలోచించి, చివరికి మా ఇంట్లోకి దిగడం మొదలుపెట్టాయి.

ఆ రోజు నుంచి మా ఇంట్లో జరుగుతున్న వైభోగం ఏమని చెప్పను!

మొదట ఆరోగ్యం సంగతి చూడండి. బాత్రూంలో చుక్క పడని చోటు ఒక్కటే ఉంది, ఒక టైలు అంత. దాని మీద ఒంటికాలిపై నిలబడి, ఎడమచేత్తో గొడుగు పట్టుకుని, కుడిచేత్తో చెంబు ముంచుకోవాలి. దీన్ని యోగా అని డబ్బులు తీసుకుని నేర్పేవాళ్లున్నారు. నాకు ఫ్రీ! గొడుగు కింద సబ్బు ఎట్లా రుద్దుకుంటారని మా స్టాఫ్ రూంలో ఒకాయన అడిగాడు. సాధన ఉంటే అన్నీ వస్తాయని చెప్పాను.

ఇక విద్యుత్ ఆదా. బల్బు హోల్డర్‌లోంచి కూడా నీళ్లు కారుతున్నాయి కాబట్టి స్విచ్ ముట్టుకోవడం మానేశాం. చీకట్లో స్నానం చేస్తే మనసు ఎంత నిర్మలంగా ఉంటుందో మీకేం తెలుసు! ఏది సబ్బో ఏది బట్టల బ్రష్షో తడిమి తెలుసుకునే జ్ఞానం కలుగుతుంది. నాకు కొంచెం ఆలస్యంగా కలిగింది.

కళాపోషణ సంగతి మరిచిపోయాను. మా కప్పు మీద తడిమచ్చ ఒకటి ఉంది. మొదట్లో అది ఎల్దుర్తి మండలమంత ఉండేది. ఇప్పుడు ఉమ్మడి మెదక్ జిల్లా అంత అయింది! ప్రభుత్వం జిల్లాను మూడు ముక్కలు చేసింది, మా స్లాబు దాన్ని మళ్లీ ఒక్కటి చేసింది. అమ్మకు అందులో ఏడుపాయల దుర్గమ్మ సింహం కనిపిస్తుంది. నా భార్య సుశీలకు మాత్రం నర్సింహన్న మొహం కనిపిస్తుందట, మీసాలతో సహా.

సమాచార వ్యవస్థ మాటేమిటి? పైన ఎవరున్నారో, ఎందరున్నారో మేం ఎవరినీ అడగనక్కర్లేదు. చుక్కచుక్కగా పడితే నర్సింహన్న ఒక్కడే స్నానం చేస్తున్నాడని అర్థం. ధారగా పడితే కుల్చారం నుంచి చుట్టాలొచ్చారని అర్థం. ఏడుపాయల జాతరకు వాళ్ల బంధువులంతా దిగి, పొద్దున్నే వరసగా తలస్నానాలు చేస్తుంటే మా బాత్రూంలో కుండపోత! జాతరకు పోకుండానే మాకు పుణ్యస్నానం దక్కింది. మంజీరా దాకా పోయి మునిగేవాళ్లను చూస్తే నవ్వొస్తోంది.

అసలు కారే కప్పు ఇంటికి తెచ్చే గౌరవమే వేరు. ఇంతకుముందు మా ఇంటికి ఎవరైనా వస్తే హాల్లో కూర్చుని టీ తాగి పోయేవారు. ఇప్పుడు చెప్పులు విప్పగానే "ఏదీ, ఆ కప్పు?" అంటూ నేరుగా బాత్రూంలోకి నడుస్తున్నారు. ప్రతివాడూ తల పైకెత్తి, నోరు తెరిచి, ఒక తీర్పు ఇస్తాడు. ఒకడు పుట్టీ పెట్టమంటాడు. ఒకడు తారు పూయమంటాడు. మా బావమరిది అయితే కప్పుకు థర్మోకోల్ షీట్లు అంటించి, "ఇగ కనవడదు!" అని చేతులు దులుపుకున్నాడు. నిజమే, కనబడలేదు, రెండు రోజుల తర్వాత షీట్లన్నీ నీళ్లతో సహా నా నెత్తిన పడేదాకా.

చర్చి దగ్గరుండే మేస్త్రీ ఎబినేజర్‌ను కూడా పిలిచాం. ఆయన కప్పును ఒక్కసారి చూసి, కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"పైన కొట్టాలె సార్. కింద మీరు బంగారం పూసినా ఫాయిద లేదు. చాయ్ తెప్పియ్యుండ్రి," అన్నాడు. తాగి, పైవాళ్లు ఒప్పుకున్నప్పుడు పిలవమని చెప్పి వెళ్లిపోయాడు.

పైవాళ్లు ఒప్పుకోవడం! అక్కడే ఉంది అసలు ఆనందం.

నేను చలికాలంలో వెళ్లి చెప్పాను. "పరేషాన్ గాకుండ్రి సార్, ఎండలు రానియ్యుండ్రి, అదే ఆరుతది," అన్నాడు నర్సింహన్న. ఎండాకాలంలో వెళ్లాను. "గీ ఎండలకు స్లాబు పగులుతది సార్. జర వానలు పడనియ్యుండ్రి, అదే కూడుకుంటది," అన్నాడు. వానాకాలంలో వెళ్లాను. "వానకాలంల ఉరువని ఇల్లు యాడుంది సార్?" అని నన్నే అడిగాడు. వెళ్లినప్పుడల్లా కుర్చీ వేశాడు, ఫ్యాన్ వేశాడు, అల్లం చాయ్ పోశాడు. ఇంత మర్యాదస్తుడితో ఎట్లా కొట్లాడేది చెప్పండి? తిట్టుకుంటూ మెట్లెక్కడం, చాయ్ తాగి దిగిరావడం నాకు అలవాటైపోయింది.

ఇలా హాయిగా సాగిపోతుండగా ఒకరోజు కప్పు నుంచి పెచ్చు ఊడింది.

అమ్మ అప్పుడు పీట మీద కూర్చుని స్నానం చేస్తోంది. అమ్మ పేరు ఆగమ్మ. మోకాళ్లు పట్టేసి ఒంటికాలి యోగాలో చేరలేకపోయింది కాబట్టి, తల మీద స్టీలు గిన్నె బోర్లించుకుని పోసుకునేది. అరచేతి మందం పెచ్చు ఆమె పీట పక్కనున్న బకెట్ మీద పడి, దాన్ని పగలగొట్టింది. గిన్నె మీద పడితే గిన్నె ఆగేది కాదు, అమ్మా ఆగేది కాదు.

అమ్మ కేకలు పెట్టలేదు. చీర కట్టుకుని వచ్చి, సంచిలో బట్టలు సర్దడం మొదలుపెట్టింది.

"ఇయ్యాల పక్కకు పడ్డది. రేపు నెత్తి మీద పడ్తది. నన్ను ఎల్దుర్తిల మీ అక్క దగ్గరికి తోలు బిడ్డా," అంది.

"నాలుగు రోజులు ఆగమ్మా, చేపిస్త."

"ఏడాదిసంది చేపిస్తనే ఉన్నవ్. ఆదివారం పోత," అంది.

ఇప్పటిదాకా వేళాకోళమాడాను కానీ ఈ ఒక్క మాట వేళాకోళం కాదు. బడి నుంచి వచ్చేసరికి గడప దగ్గర అమ్మ కూర్చుని ఉండకపోతే అది నాకు ఇల్లనిపించదు. నాకు ఏడుపొచ్చింది. ఆ పెచ్చును స్టీలు ప్లేట్లో పెట్టి, పైన బట్ట కప్పి, మెట్లెక్కాను.

నర్సింహన్న ప్లేటు చూసి గబగబా చెప్పులు విడిచాడు.

"ప్రసాదమా సార్? ఏడుపాయల పోయొచ్చిండ్రా?" అంటూ రెండు చేతులా అందుకుని, కళ్లకద్దుకుని, బట్ట తీశాడు.

పెచ్చును చూశాడు. నన్ను చూశాడు.

"అమ్మకు తాకలేదు గద?"

"తాకలేదన్నా."

"ఇంకేంది మరి! దుర్గమ్మ సల్లగ చూసింది. కూసోండ్రి, చాయ్ తాగుండ్రి."

"అన్నా, ఆ వాటం ఒక్కటి మార్పియ్యరాదే? అమ్మ ఇల్లు ఇడిచి పోతనంటుంది."

ఆయన మొహంలో నిజమైన బాధ కనిపించింది. "మీరు అడిగితే పానం ఇస్త సార్. గని ఆ మూల ముట్టుకోవద్దన్నడు వాస్తు సారు. అది పెట్టినంకనే రామాయంపేట రోడ్డుల నా ప్లాట్లు అమ్ముడువోయినయ్. నా లక్ష్మిని నేనే ఎట్ల కదిలిస్త చెప్పుండ్రి?"

చాయ్ మాత్రం ఎప్పటిలాగే బాగుంది.

కిందికి వచ్చి జరిగింది చెప్పాను. సుశీల అంతా విని, కొంగు బిగించింది. "మీరు ఏడ్సుకుంట పోతరు. గందుకే చాయ్ పోసి తోలుతుండు. రేపు నేను నవ్వుకుంట పోత," అంది.

మర్నాడు కోవా డబ్బా కొనుక్కొచ్చి, నన్ను వెంటబెట్టుకుని మెట్లెక్కింది. నర్సింహన్న చేతిలో కోవా పెట్టి, "నోరు తీపి చేసుకోండ్రి అన్నా. అంతా మీ పున్నెమే!" అంది.

"ఏమైందమ్మా?" అన్నాడాయన సంతోషంగా నమలుతూ.

"ఏం గాలేదో అడుగుండ్రి! మీ ఈశాన్యం నీళ్లు మా ఇంట్ల పడ్డకాడికెల్లి మాకు మస్తు కలిసొస్తుందన్నా. మా తరుణ్‌కు నౌకరొచ్చింది. ఎల్దుర్తి పొలంల ఎన్నడు పడని బోరు పడ్డది. పోయిన నా చెవి కమ్మ గూడ దొరికింది!"

అన్నీ నిజాలే. మా అబ్బాయి రెండేళ్లు చదివితే నౌకరి వచ్చింది. కమ్మ మంచం కింద దొరికింది. కానీ అవన్నీ ఒక వరసలో పెట్టి చెబుతుంటే నాకే ఒళ్లు జలదరించింది.

నర్సింహన్న నమలడం ఆపాడు.

"అంటే... మా నీళ్లు..."

"అవునన్నా. పైన మీరు పోస్తుండ్రు, కింద మేం పట్టుకుంటున్నం. కొత్త బకెట్ పెట్టినం. ఒక్క సుక్క బయటికి పోనిస్తలేం. మా సారు తెల్వక రిపేరు రిపేరని మిమ్ముల సతాయించిండు, మాఫ్ చేయుండ్రి. మీరు మాత్రం ఆ మూల అస్సలు ముట్టకుండ్రి!"

నోట్లో సగం కోవా అలాగే ఉండిపోయింది. ఆ రోజు ఆయన చాయ్ పోయలేదు.

మధ్యాహ్నానికల్లా పైన దడదడ మొదలైంది. ఎబినేజర్, వెంట ఇద్దరు కూలీలు! టైల్స్ ఎగురుతున్నాయి. నర్సింహన్న గొంతు మెట్ల కిందిదాకా వినిపిస్తోంది: "జల్ది కొట్టుండ్రి! ఎంతసేపు?" ఏడాదిగా ఎండ కోసం, వాన కోసం ఆగిన మనిషి, సిమెంటు ఆరేదాకా కూడా ఆగలేకపోయాడు.

వాస్తు సారును ఫోన్‌లో అడిగి ఈశాన్యంలోనే కొత్త జాలీ పెట్టించాడు. పైపును గోడ చుట్టూ వంకరలు తిప్పి, కాంపౌండ్‌లో తను నాటిన బొప్పాయి మొదట్లోకే వదిలాడు. పైగా ఇప్పుడు రోజూ పొద్దున్నే టార్చిలైటుతో మా ఇంటికొస్తున్నాడు. మా బాత్రూంలో నిలబడి కప్పంతా వెతికి, "ఏం కారుతలేదు గద సార్? నిజం చెప్పుండ్రి!" అని అనుమానంగా అడుగుతున్నాడు. మా కప్పును ఇంత శ్రద్ధగా చూసుకునేవాడు మాకు ఈ జన్మలో దొరకడు.

అమ్మ ఆదివారం ఎల్దుర్తి పోలేదు. సంచి విప్పి, గిన్నెను వంటింట్లో పెట్టి, పీట మీద కూర్చుని తనివితీరా తలస్నానం చేసింది. బయటికొచ్చి జుట్టు విదిలించుకుంటూ ఒక మాట అంది.

"మనం ఏడిస్తే ఒక్క మెట్టు దిగనోడు, మనం నవ్వితే ఉరికొచ్చిండు సూడు బిడ్డా."

అందుకే అంటున్నాను. మీ ఇల్లు కారుతుంటే పైవాళ్లకు మీ కష్టం చెప్పుకోకండి. పెచ్చు పడిందనకండి, ముసలమ్మకు తప్పిందనకండి, చాయ్ తప్ప ఏమీ రాదు. బాగుపడిపోతున్నామని చెప్పండి. మీకేదో కలిసొస్తోందని ఒక్క అనుమానం కలిగించండి, సాయంత్రానికి మేస్త్రీ దిగుతాడు!

అన్నట్టు, నిన్న మా వంటింటి కప్పు మీద చిన్న తడిమచ్చ కనిపించింది. దాని పైన నర్సింహన్న వాళ్ల గిన్నెలు తోమే చోటు. నేను పైకి వెళ్లి చెప్పొస్తానన్నాను. సుశీల అప్పటికే చెప్పులు వేసుకుని మిఠాయి దుకాణానికి బయల్దేరింది.