హీరోగారు బ్యాక్టీరియా వేషం వేసిన వైనం

ఈ రాష్ట్రంలో కలరాను వెండితెర మీదే అంతం చేస్తామని ఆరోగ్యశాఖ మంత్రి పట్టాభిరామయ్యగారు ఫిల్మ్ నగర్‌లో కొబ్బరికాయ కొట్టి ప్రకటించారు. తాగునీటి పైపులు మార్చడం పాతకాలపు ఆలోచన అని కూడా సెలవిచ్చారు. చప్పట్లు మోగిపోయాయి.

సినిమాకు కథ చెప్పడానికి యూసుఫ్‌గూడ నుంచి డాక్టర్ శ్యామలాదేవిని పిలిపించారు. తొంభై రెండు వానాకాలం అది. ఆవిడ ఆస్పత్రిలో మంచాలు చాలక రోగులు వరండాలో పడుకుంటున్నారు. ‘నీళ్లు మరిగించి తాగండి’ అన్న ఒక్క మాట సినిమాలో ఉంటే చాలు, సగం మంది బతుకుతారని ఆవిడ ఆశ.

“బ్యాక్టీరియా కణంలోకి వెళ్లదండీ. పేగు గోడకు అంటుకుని బయటే కూర్చుంటుంది. విషం వదులుతుంది. ఆ విషమే కణంలోకి దూరి నీళ్ల గేట్లు తెరిచేస్తుంది. ఒంట్లో నీళ్లన్నీ బయటికి పోతాయి.”

మంత్రిగారు కళ్లజోడు తీశారు. “తను బయట కూర్చుని పనంతా ఇంకొకరితో చేయిస్తుందా? ఎంత సమర్థత! ఇంత మంచి వేషం విలన్‌కు ఇస్తారా?”

డైరెక్టర్ సత్యనారాయణమూర్తి ఆ సాయంత్రమే పెద్ద హీరోగారిని బుక్ చేశారు.

విషం వదిలితే ఇమేజ్ దెబ్బతింటుందని హీరోగారు షూటింగ్‌లో దాని బదులు గులాబీ విసిరారు. కణం వేషంలో ఉన్న హీరోయిన్ సిగ్గుపడి తలుపు తీసింది. నీళ్ల గేట్లు తెరుచుకున్న చోట వానపాట పెట్టారు.

“చివర్లో బ్యాక్టీరియా చావాలి కదండీ?” అంది శ్యామలాదేవి.

“హీరో చస్తే సినిమా ఆడదమ్మా. పెళ్లి చేసేద్దాం,” అన్నారు డైరెక్టర్.

“మరి నా ఒక్క మాట?”

“శుభం కార్డు తర్వాత వేస్తాం.”

వేశారు కూడా. ‘నీళ్లు మరిగించి తాగండి. బ్యాక్టీరియా చస్తుంది.’ కృష్ణానగర్‌లో తెర కట్టి చూపించిన రోజు, అంతసేపూ ఈలలేసిన జనం ఆ అక్షరాలు చదివి తెర మీదికి చెప్పులు విసిరారు.

పొద్దున్నే హీరోగారి అభిమాన సంఘం అధ్యక్షుడు బాలనర్సయ్య జనంతో ఆస్పత్రికొచ్చాడు. వరండాలో పంపుస్టవ్ మీద గుండిగెడు నీళ్లు మరుగుతున్నాయి.

“గా స్టవ్ బంద్ చెయ్ మేడమ్! మా అన్నను ఉడకబెడ్తవా?”

“అది సినిమా, బాలనర్సయ్యా! మీ అమ్మకు నిన్న సెలైన్ ఎక్కించింది నేనే కదా?”

“అమ్మ గూడ అభిమానే మేడమ్. అన్న కడుపుల ఉన్నడని మురుస్తున్నది.”

కబురందుకున్న మంత్రిగారు పరుగున వచ్చారు. అభిమానుల మనోభావాలే ప్రభుత్వానికి ఊపిరి అంటూ స్వహస్తాలతో స్టవ్ ఆర్పారు. రాష్ట్రమంతటా నీళ్లు మరిగించడం నిషేధించారు. జనం ఆయన్ను భుజాల మీద మోశారు.

మంత్రిగారు అలసిపోయి డాక్టరమ్మ గదిలో కూర్చున్నారు. నర్సు గ్లాసుతో నీళ్లిచ్చింది. ఆయన గ్లాసును పెదవుల దాకా తీసుకెళ్లి ఆగారు. కిటికీ వైపు ఓసారి చూసి, గొంతు తగ్గించారు.

“డాక్టరమ్మా, ఇవి నేను స్టవ్ ఆర్పకముందు మరిగిన నీళ్లేనా?”