దూది తీర్పు

ఆదివారం పొద్దున తాళాలాయన ఇంట్లో అనుకున్నది చిన్న పనే. కూతురు ఇష్టపడ్డ కళ్ళద్దాల కొట్టు అబ్బాయి కాఫీకి వస్తాడు, ఈయన సరే అంటాడు, అంతే.

ఎంతటి తాళమైనా చిటికెలో విప్పే మనిషి కాబట్టి ఆయనకి తాళాల మీద నమ్మకం లేదు. నమ్మకమంతా దూది మీదే. దూది వాళ్ళ కుక్క. పేరుకి తగ్గట్టే తెల్లగా, మెత్తగా ఉంటుంది. ఇన్నేళ్ళలో ఎవర్నీ ఒక్కసారి కూడా కరవలేదు.

అబ్బాయి వస్తూనే దూది తల నిమిరాడు. దూది గుర్రుమని చొక్కా చెయ్యి పట్టి లాగింది. పర్రున చిరిగింది.

తాళాలాయన గ్లాసు కింద పెట్టేశాడు. "పెళ్ళీ లేదు, గిళ్ళీ లేదు. మనిషి లోపల ఏముందో దూదికి తెలుస్తుంది."

"నాన్నా, అది కుక్క!"

"అందుకేనమ్మా నమ్ముతున్నా."

అంతలో బావమరిది వచ్చి, "ఏమే దూదీ!" అంటూ తల మీద చెయ్యేశాడు. ఈసారి వేలు దొరికింది.

"నా డ్రిల్లు మిషను పట్టుకెళ్ళి ఇవ్వలేదుగా, దానికి గుర్తుంది!" అన్నాడు తాళాలాయన.

"రిపేరుకిచ్చాను బావా!"

"చూశారా, పాడుచేశాడట!"

సర్దిచెబుదామని భార్య దూది మెడ నిమరబోయింది. గుర్రుమంది. తాళాలాయన భార్యని అనుమానంగా చూశాడు.

"నా దగ్గర ఏమైనా దాస్తున్నావా?"

"మీ మీద కోపం దాస్తున్నా. ఎక్కడ పెట్టాలో తెలీక చస్తున్నా."

"నాకు నువ్వొక్కదానివేనే," అంటూ ఆయన దూదిని గుండెకి హత్తుకోబోయాడు. బొటనవేలు కసుక్కుమంది.

"చెప్పు నాన్నా," అంది కూతురు. "నీ లోపల ఏముంది?"

అంతలో దూది బల్ల కిందికి దూరి, తల ఒక పక్కకి వాల్చి మూలిగింది. ఆ మూలుగుకి ఆయన వేలు నొప్పి మర్చిపోయాడు. "దీనికేదో అయిందే! పదండి, పదండి!"

పశువుల డాక్టరు చెవిలోకి లైటు వేసి చూసింది. "లోపలంతా చీము పట్టిందండీ. తల ముట్టుకుంటే ప్రాణం పోతుంది దీనికి. నెమ్మదైన కుక్క ఉన్నట్టుండి కరిస్తే, ముందు దాని ఒంట్లో ఏముందో చూడాలి. చెవో, పన్నో, కీళ్ళో. మీరు కూడా ఆ వేళ్ళు సబ్బుతో కడుక్కుని, ఆస్పత్రికెళ్ళి సూది వేయించుకోండి."

"నాకు చెప్పొచ్చు కదే పిచ్చిదానా," అన్నాడు తాళాలాయన.

"చెప్పిందిగా, ఇంటిల్లిపాదికీ," అంది భార్య.

చుక్కల మందుతో చెవి నయమైంది. మళ్ళీ కాఫీకి వచ్చిన అబ్బాయి ఒళ్ళో దూది తల పెట్టుకుని నిద్రపోయింది. తాళాలాయన సరే అన్నాడు.

బావమరిదిని చూస్తే మాత్రం దూది ఇప్పటికీ గుర్రుమంటూనే ఉంది. డ్రిల్లు మిషను ఇంకా రాలేదు.