వంటింటి తూముపై సోడా వీరుడి దండయాత్ర

ఆహా! ప్రచండ మార్తాండుడు నడినెత్తికెక్కి, నాలుగో అంతస్తు వంటిల్లు పెనంలా కాగుతున్న ఆ ఆదివారం మధ్యాహ్నం, మూడు రోజుల ఎంగిలి గిన్నెలు కొండల్లా చుట్టుముట్టగా, పైకంటా నిండిన సింకుకు ఎదురుగా నిలిచాడయ్యా, సబ్బుల ఫ్యాక్టరీ ధురంధరుడు, కాస్టిక్‌సోడా మిశ్రమ విశారదుడు, రబ్బరు తొడుగుల కరకమలుడు, ప్లాస్టిక్ కళ్లద్దాల కవచధారి!

శత్రువు సామాన్యుడా? ఏడాదిగా కడిగిన పెనాల కొవ్వంతా తూములో గడ్డకట్టి పుట్టిన మహామేదోరాక్షసుడు!

"ప్లంబర్ని పిలవమని మీ ఆయనకి చెప్పవే," అంది అత్తగారు కూతురితో. పెళ్లయి మూడేళ్లయినా ఆవిడ అల్లుడితో నేరుగా ఒక్క మాట మాట్లాడలేదు. ఆ ఒక్క మాట కోసమే ఈ మహాసంగ్రామం!

"ప్లంబరా?" గర్జించాడు వీరుడు. "ఏ క్షారం కొవ్వును సబ్బుగా మార్చేస్తుందో, కర్రను ఉడికించి కాగితపు గుజ్జు చేస్తుందో, నూలుబట్టకు నిగనిగలిస్తుందో, అది నా చేతిలో ఉండగా ప్లంబరా? పర్మిట్ తే!"

"వంటింటికి పర్మిట్టేంటండీ?" అంది భార్య.

"మా ఫ్యాక్టరీలో ఇద్దరు సంతకం పెట్టందే సోడా డబ్బా మూత తియ్యరు. రెండోవాళ్లు పక్కనే నిలబడాలి."

"నాకు గిన్నెలున్నాయి బాబూ. అమ్మా, నువ్వు పెట్టు."

అత్తగారు సరుకుల చీటీ వెనక పర్మిట్‌గా అతను రాసిన నియమాలన్నీ రెండుసార్లు చదివి, సంతకం గీకి, సేనానిలా పక్కన నిలబడింది.

వీరుడు సింకు నీళ్లు తోడిపోశాడు. ఫ్యాక్టరీలో తొట్టె ఎప్పుడూ నీళ్లతో సిద్ధంగా ఉంటుంది కదా, ఆ అలవాటులో సోడా పలుకుల్ని ఖాళీ బకెట్లో ఒంపేశాడు! అప్పుడు గుర్తొచ్చి, నీళ్ల మగ్గు పైకెత్తాడు.

"ఆగవయ్యా అల్లుడూ! సోడా మీద నీళ్లు పోస్తే మొహాన చిమ్ముతుందని నువ్వే రాశావుగా! నీళ్లలో సోడా వెయ్యి!"

మగ్గు గాల్లోనే ఆగింది. భార్య చేతిలో గిన్నె జారింది. అత్తగారు నాలిక్కరుచుకుంది.

ఇంకో బకెట్లో నీళ్లు పట్టి పలుకులు కొద్దికొద్దిగా వేస్తుంటే, పొయ్యి లేకుండానే ఆ చన్నీళ్లు పొగలు కక్కాయి! ఆ క్షారజలధార తూములోకి దిగింది. అరగంట పోయాక ఒక్క మగ్గు నీళ్లు పోశారు. గుడగుడ... గుటుక్! రాక్షసుడు సబ్బునురగై నేలకూలాడు!

"బాత్రూం తూము కూడా చూడమని మీ ఆయనకి..." అంది అత్తగారు కూతురితో.

"పర్మిట్ ప్రకారం సంతకం పెట్టినవాళ్లే నేరుగా చెప్పాలండీ," అన్నాడు వీరుడు.

"ఖర్మ! బాత్రూం కూడా చూడు, అల్లుడూ."

జయహో! ఒక మగ్గు నీళ్లు, రెండు పిలుపులు: దిగ్విజయం సంపూర్ణం!