హారతి విజయవంతంగా ప్లే అయినది

మానవజాతి సాధించిన ప్రగతిలో అత్యున్నత ఘట్టం ఏదని ఎవరైనా అడిగితే, పాటను గొంతు నుంచి చెవికి నేరుగా పోనివ్వకుండా ఆపగలగడమే అని నిస్సంకోచంగా చెబుతాను. పూర్వం ఒకరు పాడితే పక్కనున్నవారు వినేవారు. మధ్యలో పర్యవేక్షణ ఉండేది కాదు. ఎవరు పాడారో, ఎవరు విన్నారో, ఎక్కడా నమోదయ్యేది కాదు. ఈ అరాచకం పాలకొల్లు పక్కన మా ఊళ్ళో, సాక్షాత్తూ మా ఇంట్లో, రెండువేల తొమ్మిది దీపావళి దాకా కొనసాగిందని చెప్పుకోవడానికి సిగ్గుపడుతున్నాను.

మా ఇంట్లో పాడినవారు మా నాన్నగారు. నలభై ఏళ్ళపాటు తెల్లవారుజామున దేవుడికి హారతి ఇస్తూ, తాను కట్టుకున్న పాట తానే పాడుకునేవారు. పోయే ముందు ఏడాది ఎవరో దాన్ని టేపులో పట్టారు. ఆయన పోయాక తొమ్మిదేళ్ళుగా ఆ టేపు పాడుతుంటే మా అమ్మ శ్యామలాంబ కర్పూరం వెలిగిస్తోంది. ఆ పాటతో హారతి అయితే గాని అమ్మ మంచినీళ్ళు ముట్టదు. టేపు ఉన్నంతకాలం దీనివల్ల ఎవరికీ ఇబ్బంది లేదు. అయిదూ యాభైకి పాట, ఆరింటికి కాఫీ, ఆరున్నరకి ఇడ్లీ, ఆ పైన బీపీ మాత్ర, షుగరు మాత్ర. డాక్టరుగారు ఈ క్రమాన్ని మెచ్చుకున్నారు. "టిఫినూ మాత్రలూ ఎనిమిది దాటితే మాత్రం ఒప్పుకోనండి. డెబ్భై ఆరేళ్ళ మనిషి. కళ్ళు తిరిగి పడ్డారంటే తుంటి విరుగుతుంది" అని కూడా అన్నారు.

ఆ దసరాకి టేపు రికార్డరు టేపును నమిలేసింది. అంతకుముందే ఫొటో స్టూడియోవారు ఆ పాటను మా కంప్యూటర్లోకి ఎక్కించి ఉండటం దేవుడి దయ. దాని స్పీకర్ల గొంతు పెంచి దీపావళి దాకా నెట్టుకొచ్చాం గాని, కంప్యూటరు ముందుగదిలో ఉంది. దేవుడు వెనకగదిలో ఉన్నాడు. ఇద్దరికీ మధ్య ఇరవై రెండు అడుగులు. పాటను ఇరవై రెండు అడుగులు నడిపించడానికి ఏం కావాలో కనుక్కుందామని రాజమండ్రిలో కంప్యూటర్ల షాపుకు వెళ్ళాను.

బ్రాడ్‌బ్యాండు కావాలని తేలింది. దానికి మోడెము, మోడెముకు రూటరు, రూటరు నుంచి గోడ వెంట తీగ, కంప్యూటర్లో ఒక ప్రోగ్రాము, చిట్టచివర పూజగదిలో ఒక పెట్టె. ఈ పెట్టెను నెట్‌వర్క్ మ్యూజిక్ ప్లేయరు అంటారు. పెట్టిన టైముకు కంప్యూటరు తనంతట తానే పాటను పంపుతుంది, పెట్టె పాడుతుంది. (కంప్యూటరునే పూజగదిలో పెట్టుకోకూడదా అని అడిగాను. నేను ఎంతవరకు చదువుకున్నానని షాపాయన అడిగారు.) దీపావళికి ఒక పెట్టె కొంటే ఇంకొకటి ఉచితం. బదులుగా మా కంప్యూటరు పాత స్పీకర్లు పుచ్చుకున్నారు. ఆ విధంగా అప్పటిదాకా మాట్లాడగలిగిన కంప్యూటరు మూగదై, కొత్త వ్యవస్థకు సిద్ధమైంది.

రెండో పెట్టెను పక్కింటి ఏసురాజు గారికి ఇచ్చాను. ఆయన రిటైరైన పోస్టుమాస్టరు. మా రెండిళ్ళకీ నెట్టు కనెక్షన్ ఒకటే. తీగ ప్రహరీ దాటి, కొబ్బరిచెట్టుకు ఒక చుట్టు చుట్టుకుని వాళ్ళింట్లోకి వెళుతుంది. (ఇది నిబంధనలకు విరుద్ధమట. ఊళ్ళో నిబంధనల ప్రకారం వెళ్ళే తీగను నేనింకా చూడలేదు.)

అమర్చిన సాయంత్రం మా పెట్టె పాడింది. అమ్మ కళ్ళు తుడుచుకుంది. మర్నాడు కార్తీక పాడ్యమి. అయిదూ యాభైకి అమ్మ కర్పూరం వెలిగించింది. దయచేసి వేచి ఉండండి అని పెట్టె మీద ఇంగ్లీషులో వచ్చింది. అమ్మ వేచి ఉంది. కర్పూరం మాత్రం ఉండలేదు.

కంపెనీకి ఇరవై నాలుగు గంటల సహాయ విభాగం ఉంది. ఇరవై నాలుగు గంటలంటే అది ఎంతసేపు తెరిచి ఉంటుందో చెప్పే లెక్క అనుకున్నాను. మనం ఎంతసేపు ఆగాలో చెప్పే లెక్క అది. ఏడింటికి ఒక ఆడపిల్ల పలికింది.

"నమస్కారమండీ పెద్దిరాజు గారూ, నా పేరు పావని. మీ సమస్య మాకు చాలా ముఖ్యమండి. చెప్పండి."

"పాట రావడం లేదమ్మా."

"ఒక్క నిమిషం సార్, స్క్రీన్ మీద చూస్తున్నాను. ఇవాళ అయిదూ యాభైకి పాట ప్లే అయిందండి. చివరిదాకా ప్లే అయింది."

"ఎక్కడయిందమ్మా?"

"మీ ఇంట్లోనే సార్."

"నేను మా ఇంట్లోనే ఉన్నాను తల్లీ."

"మా వైపు నుంచి అంతా బాగానే ఉందండి. ఒక్కసారి ఆఫ్ చేసి ఆన్ చేయండి."

నేను చాలామంది పెద్దల దగ్గర ఉపదేశాలు విన్నవాడిని. ఇంత పొట్టి మంత్రం ఎక్కడా వినలేదు. దీక్ష అక్కర్లేదు, శుచి అక్కర్లేదు, ఎన్నిసార్లయినా జపించవచ్చు. ఫలశ్రుతి మాత్రం అవతలివారు ఫోను పెట్టేశాకే తెలుస్తుంది. ఆఫ్ చేశాను, ఆన్ చేశాను, కంప్యూటర్లో పాటను మళ్ళీ నొక్కాను. "విజయవంతంగా ప్లే అయినది" అని కంప్యూటరు ప్రకటించింది. పెట్టె వేచి ఉంది. ఇలా ఎనిమిదిసార్లు విజయం సాధించేసరికి తొమ్మిదిన్నర అయింది. పన్నెండు దాటాక అమ్మ "ఇవాళ ఉపవాసం అనుకుంటాలే" అని మజ్జిగ పుచ్చుకుంది.

రెండో రోజూ ఉపవాసమే అయింది. మూడో రోజు నా భార్య శ్రీదుర్గ నన్ను వంటింట్లోకి పిలిచింది.

"ఎందుకండీ ఈ గొడవంతా? మీరే పాడేయకూడదూ? మామయ్యగారి పాటేగా."

"పల్లవి వచ్చు. చరణాలు రావు."

"నలభై ఏళ్ళు విన్నారు కదండీ!"

"రోజూ ఉండేదే కదా అని నేర్చుకోలేదు."

అమ్మనే పాడమని అడిగాం. "నేను హారతి పట్టేదాన్నిరా, పాడేదాన్ని కాదు" అంది.

నాలుగో రోజు మా ఫిర్యాదు పదహారు అంకెల సంఖ్యతో పై మెట్టుకు వెళ్ళింది. అక్కడ ఉండేవారిని ధ్వని నిర్ధారణాధికారి అంటారు. పాట రాలేదని నోటిమాటగా చెబితే చెల్లదని, రాని పాటను రికార్డు చేసి పంపమని ఆయన కోరారు. పూజగదిలో నాలుగు నిమిషాల నిశ్శబ్దాన్ని జాగ్రత్తగా రికార్డు చేసి పంపాను. అందులో మధ్యలో అమ్మ దగ్గింది. "ధ్వని స్పష్టంగా ఉంది" అని సాయంత్రానికి జవాబు వచ్చింది.

అయిదో రోజు పావని ఒక లోపం కనిపెట్టింది.

"సార్, మీ పెట్టె రోజూ రాత్రి తొమ్మిదికి ఆఫ్‌లైన్ అయిపోతోందండి. ఎందుకని?"

"పవళింపు సేవ అయ్యాక పూజగదిలో ఏదీ మేలుకుని ఉండకూడదమ్మా. దీపం కొండెక్కిస్తాం, ప్లగ్గు తీసేస్తాం. స్వామివారు పడుకుంటారు."

"స్వామివారంటే ఎవరండీ? మీ నెట్‌వర్క్‌కి అడ్మినిస్ట్రేటరా?"

"ఒక విధంగా అంతేనమ్మా."

"అయితే ఆయన చేత ఒకసారి మాట్లాడిస్తారా?"

ముప్ఫై ఏళ్ళుగా నేను ప్రయత్నిస్తున్నదీ అదే అని చెప్పాను. ఆ పిల్ల దాన్ని కూడా రాసుకుంది.

ఆరో రోజు పొద్దున అమ్మ పూజగది గుమ్మం పట్టుకుని నిలబడిపోయింది. మొహం పాలిపోయింది. శ్రీదుర్గ వెళ్ళి పట్టుకుంది. అప్పుడు అమ్మ, వాన వస్తోందని చెప్పినంత మామూలుగా అంది. "మీ నాన్న ఏసురాజు గారింట్లో పాడుతున్నార్రా."

నేనూ శ్రీదుర్గా మొహాలు చూసుకున్నాం. (అమ్మకు ఒక చెవి సరిగా వినపడదు. ఏ చెవితో విన్నదో అడగలేదు.) డాక్టరుగారికి ఫోను చేస్తే, పస్తులుంటే అలాంటివి వినపడతాయని, ఇంకో నాలుగు రోజులు ఇలాగే సాగితే ఆస్పత్రిలో చేర్చి సెలైను పెట్టాల్సిందేనని అన్నారు. ఆ విధంగా మా అమ్మ ఒకపక్క, కంపెనీవారు ఒకపక్క పాట వచ్చిందనే చెబుతున్నారు. రాలేదన్నవాళ్ళం మేమిద్దరమే. పైగా మేమే చదువుకున్నవాళ్ళం.

ఎనిమిదో రోజు, రెండో కార్తీక సోమవారం, కంపెనీ టెక్నీషియన్ లోకనాథ్ గారు పదింటికి రావలసినవారు మూడింటికి వచ్చారు. నుదుట విభూతి ఉంది.

"క్షీరారామంలో క్యూ చాలా పెద్దదండి. సోమవారం కదా, దర్శనం చేసుకోకుండా పనిలో దిగలేకపోయాను."

"కాఫీ తీసుకుంటారా?"

"ఉపవాసమండి."

"మా అమ్మగారు కూడానండి. వారం నుంచి."

"ఎంత నిష్ఠండీ!" అని ఆయన అక్కడినుంచే అమ్మకు దణ్ణం పెట్టారు.

పూజగదిలోకి స్నానం చేయకుండా వెళ్ళకూడదు గనక ఆయన నూతి దగ్గర నీళ్ళు పోసుకుని, నా పంచె కట్టుకుని, పెట్టె వెనక ఉన్న పరీక్ష మీట నొక్కారు. పెట్టెలోంచి ఒక దొరసాని మమ్మల్ని ఇంగ్లీషులో ఆహ్వానించింది.

"చూశారా, పెట్టె మాట్లాడుతోందండి. మా బాధ్యత పెట్టె వరకే. పాట మీది" అని సంతకం పెట్టించుకుని, నా పంచె మడతపెట్టి ఇచ్చి వెళ్ళిపోయారు.

ఏకాదశి నాడు తెల్లవారుజామునే ఫోను పట్టుకున్నాను. ఇంట్లో సిగ్నలు తెగిపోతుంటే ప్రహరీ దగ్గరికి వెళ్ళాను.

"ఇప్పుడే మొదలైంది సార్. ప్లే అవుతోంది" అంది పావని.

నిజమే. ప్లే అవుతోంది. గోడ అవతల, ఏసురాజు గారి ముందుగదిలోంచి మా నాన్నగారు రెండో చరణం పాడుతున్నారు.

గేటు తోసుకుని వెళ్ళాను. ఏసురాజు గారు పెట్టె ముందు చేతులు కట్టుకుని నిలబడి ఉన్నారు. పాట అయ్యాకే నావైపు తిరిగారు.

"రండి పెద్దిరాజు గారూ."

"ఎన్నాళ్ళ నుంచి వస్తోందండీ ఇది?"

"పదకొండు రోజులండి. మీరే పంపిస్తున్నారనుకున్నాం. మా ప్రార్థన ఆరింటికి కదా, ఈలోపు అయిపోతుంది, అడ్డమేం లేదండి." మొహమాటపడుతూ అన్నారు. "కొన్ని రోజులు ఎనిమిదేసి సార్లు వచ్చింది. కార్తీకమాసం, భక్తి ఎక్కువైందేమో అనుకున్నాం."

పావని లైన్లోనే ఉంది. విషయం చెప్పగానే ఎంతో సంతోషించింది. కంపెనీ తన పెట్టెలన్నిటికీ పుట్టుకతోనే లివింగ్ రూమ్ అని పేరు పెడుతుందట. ఒకే తీగ మీద ఒకే పేరుతో రెండుంటే, ముందుగా మేలుకుని ఉన్నదానికి పాట వెళుతుంది. ఏసురాజు గారి పెట్టెకు పవళింపు సేవ లేదు. మా పెట్టె దేవుడితోపాటు లేచి, ఒళ్ళు విరుచుకుని తయారయ్యేసరికి ఏడు నిమిషాలు పడుతుంది.

"అయితే ఒకదాని పేరు మార్చేయండమ్మా."

"తప్పకుండా సార్. పేరు మార్పు దరఖాస్తు, కొన్నవారి ఫొటోలు రెండు, పెట్టె ఫొటోలు రెండు, పాత పేరు వదులుకుంటున్నట్టు నోటరీ అఫిడవిట్టు పంపాలండి. రెండో పెట్టె వేరే ఇంట్లో ఉంది గనక ఆ ఇంటివారి అభ్యంతరం లేదనే పత్రం కూడా."

నలభై అయిదు పనిరోజులు పడుతుందట. మా అమ్మకు డాక్టరు ఇచ్చిన గడువులో అప్పటికి నాలుగు రోజులు దాటి అయిదో రోజు నడుస్తోంది.

మర్నాడు ద్వాదశి. అమ్మ నన్ను అడగలేదు. స్నానం చేసి, పూజగది తలుపు దగ్గరగా వేసి, అయిదూ నలభై అయిదుకి కర్ర పట్టుకుని వెళ్ళి ఏసురాజు గారి అరుగు మీద కూర్చుంది. పాట మొత్తం వింది. వచ్చి కర్పూరం వెలిగించి దేవుడికి చూపించింది. ఆరూ అయిదుకి కాఫీ తాగింది. ఆరున్నరకి ఇడ్లీలు రెండు తిని, మూడోది అడిగింది. మాత్రలు వేసుకుంది. శ్రీదుర్గ గోడకు చేరగిలబడి ఏడ్చేసింది.

నాకు మాత్రం పౌరుషం వచ్చింది. "ఇదేంటమ్మా, మన పాట కోసం పొరుగింటికి వెళ్ళడమేంటి? ఆ పెట్టె తిరిగి తెచ్చేస్తాను. రేపటినుంచి మనింట్లోనే వినొచ్చు."

"ఏమీ తేనక్కర్లేదు" అంది అమ్మ. "మీ నాన్న పాట ఎత్తుకుంటే మీరంతా దుప్పటి ముసుగేసుకుని, అబ్బ, మొదలెట్టారు అనేవారు. పాపం ఆయన గబగబా ముగించేసి, ఏసురాజు గారి అరుగు మీద కూర్చుని అదే పాట నింపాదిగా మళ్ళీ పాడుకునేవారు. వాళ్ళు పనులాపుకుని వినేవారు. పెట్టెకి ఎవరు చెప్పారో గానీ, దారి తప్పలేదురా."

ఆ మధ్యాహ్నమే కంపెనీ నుంచి ఫోనుకు సందేశం వచ్చింది. మీ ఫిర్యాదు ముగించబడినది. కారణం: పరికరంలో లోపం లేదు, లోపం వినియోగదారుని ఇంట్లో ఉన్నది. ఏకీభవిస్తే ఒకటి నొక్కండి.

ఒకటి నొక్కాను.